భద్రాచలం రోడ్డులో దిగేముందు...

పేరుకీ ఊరికీ పొత్తు కుదరని రైలుస్టేషను మా జిల్లాల్లో ఒకటుంది. డోర్నకల్ జంక్షన్లో పెద్ద లైను వదిలి, కారేపల్లి మీదుగా తూర్పుకి పోయే బండి ఎక్కితే కాసేపటికి "భద్రాచలం రోడ్" అన్న బోర్డు కనిపిస్తుంది. కొత్త యాత్రికుడు మూటా ముల్లే సర్దుకొని, "రామచంద్రా!" అనుకొంటూ దిగుతాడు. తీరా దిగి చూస్తే గోదావరీ వుండదు, గోపురమూ వుండదు. అది కొత్తగూడెం, బొగ్గుగనుల ఊరు. రాముడి సన్నిధికి అక్కణ్ణించి ఇంకా నలభై కిలోమీటర్లు బస్సులో పోవాలి.

స్టేషను సంగతి ఇప్పుడెందుకంటారా? మా తమ్ముడి కూతురు చదువు విషయం ఆలోచిస్తూ మేము ఈమధ్య ఆ ఊరు వెళ్ళివచ్చాం. విశ్వవిద్యాలయాలు కూడా కొంత ఆ స్టేషనులాంటివేనని నాకు అప్పుడే తోచింది. బోర్డు చూచి దిగేవాళ్ళు చాలామంది. దిగిన తరవాత ఎంత దూరం నడవాలో ముందుగా విచారించుకొనేవాళ్ళు తక్కువ.

మా తమ్ముడికి వైరాలో ఎరువుల దుకాణం. వాడికి ఒక్కతే కూతురు. ఇంటరు రెండో ఏడు చదువుతోంది. వేసవిలో ప్రవేశపరీక్ష రాయాలి. తమ్ముడి ఉద్దేశం హైదరాబాదులో ఏదో ఒక కాలేజీలో కంప్యూటరు చదువు. "వీధిలో అందరి పిల్లలూ అదే చదువుతున్నారు, మనమ్మాయి మాత్రం తక్కువ తిన్నదా?" అని వాడి వాదన. పిల్ల మాత్రం కొత్తగూడెంలో గనుల ఇంజనీరింగు చదువుతానని పట్టుబట్టింది. ఈ మాట వినగానే మా మరదలు అన్నం ముద్ద కంచంలో వదిలేసి లేచిపోయిందట.

అందుకు కారణముంది. మా మరదలు ఇల్లందు పిల్ల. పుట్టిందీ పెరిగిందీ బొగ్గుగని క్వార్టర్లలో. వాళ్ళ నాన్న గనిలో సర్దారు. అక్కడివాళ్ళు గని అనరు, "బాయి" అంటారు. నాన్న బాయికి పోయిన ప్రతిరోజూ అమ్మ వాకిట్లో కూర్చుని షిఫ్టు కూత కోసం ఎదురుచూసేదనీ, వేళగాని వేళ కూత వినబడితే వరసలోని ఆడవాళ్ళంతా పొయ్యిమీద గిన్నెలు వదిలి గుమ్మాల్లోకి వచ్చేవారనీ ఆమె చెప్పగా చాలాసార్లు విన్నాను. ఆ బాయి నుంచి తప్పించుకొని వైరా వచ్చిపడిన మనిషికి, కూతురు మళ్ళీ అదే దారి పడుతుందంటే ఎలా వుంటుందో ఆలోచించండి.

తగవు నా దగ్గరికి వచ్చింది. పెన్షను పుచ్చుకొనే తెలుగు పంతులుకి గనుల సంగతి ఏం తెలుస్తుందని తప్పించుకోబోయాను. "పెదనాన్నా, నువ్వు ఒకసారి వచ్చి చూడు. చూచాక వద్దంటే మానేస్తాను" అన్నది పిల్ల. "బావగారు వస్తే నేనూ వస్తాను" అన్నది మరదలు. ఇక తప్పలేదు. సంక్రాంతి వెళ్ళిన వారంలో ముగ్గురం బస్సెక్కాం.

వైరా దాటి, తల్లాడ దాటి, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా పోతుంటే నేల రంగు మారుతూ వస్తుంది. ముందు కాలువ కింది మాగాణి, తరవాత పత్తి, మిరప చేలు, ఆ తరవాత టేకుచెట్లూ తునికిపొదలూ మొదలౌతాయి. ఊళ్ళ మధ్య దూరం పెరుగుతుంది. కొత్తగూడెం దగ్గరపడేసరికి దూరాన పొడుగాటి బల్లపరుపు గుట్టలు కనిపించాయి. "ఇవేం కొండలే? నా చిన్నప్పుడు లేవే!" అన్నది మరదలు. అవి కొండలు కావు. ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గు పైనున్న మట్టీ రాయీ తవ్వి పోసిన గుట్టలు.

ఈ బొగ్గు కథ ఇల్లందులో మొదలైంది. 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ ఆ ప్రాంతంలో బొగ్గు వున్నదని కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండులో పుట్టిన హైదరాబాదు దక్కను కంపెనీ తవ్వే హక్కు సంపాదించింది. పక్కనున్న సింగరేణి అనే పల్లె పేరే తరవాత కంపెనీ పేరైంది. 1945లో నిజాం ప్రభుత్వం ఆ కంపెనీలో పెద్దవాటా కొన్నది. ఇప్పుడు రాష్ట్రానికి వందకి 51, కేంద్రానికి 49 పాళ్ళు వాటాలు. దాని ముఖ్య కార్యాలయం కొత్తగూడెంలోనే వుంది. 2023–24లో అన్ని గనులూ కలిసి తీసిన బొగ్గు దాదాపు 7 కోట్ల టన్నులు.

బొగ్గున్నచోట బొగ్గు చదువు కూడా వుండాలని 1970ల దశకంలో ఇక్కడ స్కూల్ ఆఫ్ మైన్స్ పెట్టారు. అది తరవాత కాకతీయ విశ్వవిద్యాలయం కింద ఇంజనీరింగు కళాశాల అయింది. గనుల విద్యతోపాటు కంప్యూటరు, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ వంటివీ చేరాయి. 2025లో రాష్ట్రప్రభుత్వం దానినే భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మార్చి, మాజీ ప్రధాని డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరు పెట్టింది. రాయి, మట్టి, నీరు, ఖనిజాలు, వాతావరణం — ఇవన్నీ ఒక్క కప్పు కింద చదివించాలని సంకల్పం. అంటే కళాశాల పాతది, విశ్వవిద్యాలయం కొత్తది. అత్తవారి ఇల్లు పాతదే, కాపురం కొత్తది అన్నట్టు.

ఆవరణ చూచాం. గేటు బయట టీకొట్టు దగ్గర బల్లమీద కూర్చుని వచ్చేపోయే పిల్లలతో మాట కలిపాం. పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది? జేబులోంచి చిన్న పుస్తకం తీసి నడుమ గీత గీశాను. ఒక పక్క జమ, ఒక పక్క ఖర్చు.

ముందు ఖర్చు పక్కే చెబుతాను. పెళ్ళిచూపులకి పోయినప్పుడు లోపాలు ముందు అడగాలని మా అమ్మ అనేది.

మొదటిది, ఉద్యోగాల సంగతి. "కొత్తగూడెంలో చదివితే సింగరేణిలో కొలువు" అని మా కాలపు తండ్రుల నమ్మకం. 1990ల మొదట్లో ఆ కంపెనీలో లక్షకు పైగా మనుషులు పనిచేసేవారు. ఇప్పుడు నలభై వేల చిల్లర. బొగ్గు తగ్గలేదు, పెరిగింది. మనుషులే తగ్గారు. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి, పారా పలుగుల చోట పెద్ద యంత్రాలు వచ్చాయి. కనుక ఇంటి పక్క ఉద్యోగం కోసమని ఈ చదువు చదివితే ఆశాభంగం తప్పకపోవచ్చు. ఒడిషాకో, రాజస్థానుకో, జార్ఖండుకో పెట్టె సర్దుకోవడానికి సిద్ధపడి వుండాలి.

రెండోది, పట్టా ఒక్కటే చాలదు. గనిలో మేనేజరు కావాలంటే పట్టా తరవాత గనిలో అనుభవం సంపాదించి, ధన్‌బాదులో ముఖ్య కార్యాలయమున్న గనుల భద్రతా శాఖవారి పరీక్షలు నెగ్గాలి. ముందు రెండో తరగతి సర్టిఫికేటు, తరవాత మొదటి తరగతి సర్టిఫికేటు. స్టేషనులో దిగాక నలభై కిలోమీటర్ల ప్రయాణమన్నానే, అది ఇదే.

మూడోది, కొత్త విశ్వవిద్యాలయమంటే మొదటి బ్యాచీల పిల్లలే దానికి పునాది రాళ్ళు. పెద్ద పేరున్నచోట సంస్థ పేరు పిల్లను మోస్తుంది. కొత్తచోట పిల్లే సంస్థ పేరును మొయ్యాలి. ధన్‌బాదులోని గనుల విద్యాలయం 1926లో పుట్టింది. దానికి వందేళ్ళు పట్టిన పేరు దీనికి రెండేళ్ళలో రమ్మంటే రాదు. దరఖాస్తు పెట్టేముందు ఏ శాఖలో ఎందరు అధ్యాపకులున్నారు, ప్రయోగశాలలో ఏమేమి వున్నాయి, పోయిన ఏడు ఎందరికి ఎక్కడ పని దొరికింది అని తల్లిదండ్రులు మొగమాటం లేకుండా అడగాలి. కూరగాయలు కొనేటప్పుడు వంకాయ తిప్పి చూస్తాంగదా, నాలుగేళ్ళ చదువుకి ఆపాటి చూపు అక్కరలేదా?

నాలుగోది ఎండ. సంక్రాంతి చలిలో చూచి మోసపోవద్దని టీకొట్టాయనే చెప్పాడు. మే నెలలో కొత్తగూడెం ఎండ రాష్ట్రమంతటికీ సామెత. దానికి తోడు బొగ్గు లారీల దుమ్ము. ఉబ్బసమున్న పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు.

ఇక జమ పక్క.

ఇక్కడ నేల తనే పాఠ్యపుస్తకం. మిగతాచోట్ల పిల్లలు బొమ్మల్లో చూచే పొరలు ఇక్కడ గని అంచున నిలబడితే కనిపిస్తాయి. ఈ బొగ్గు పాతిక కోట్ల ఏళ్ళకు పైబడిన అడవి. అప్పుడు మన దేశమూ, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, అంటార్కిటికా ఒకే నేలగా కలిసివుండేవి. శాస్త్రజ్ఞులు ఆ ఖండానికి గోండ్వానా అని పేరుపెట్టారు. అది మధ్య భారతంలోని గోండుల నేల పేరు. ఆ గోండులకు దగ్గరి చుట్టాలే ఈ అడవుల్లోని మన కోయలు. ప్రపంచంలో ఏ మూల భూగర్భశాస్త్రం చదివినా తలచుకోక తప్పని ఆ మాట మన చుట్టాల పేరునుంచే పుట్టిందన్నమాట.

బొగ్గొక్కటే కాదు. కొత్తగూడేనికి దగ్గరలోనే గరీబుపేట గుట్ట వుంది. అక్కడ గార్నెట్ అనే ఎర్రని రాయి దొరుకుతుంది. అరికమేడు వంటి ప్రాచీన రేవుపట్టణాల్లో దొరికిన పూసల్లో ఈ గుట్ట రాయివి కూడా వున్నాయని పరిశోధకులు రాతి లక్షణాలు పోల్చి చెప్పారు. పాల్వంచలో థర్మలు కేంద్రం, అశ్వాపురంలో భారజల కర్మాగారం, సారపాకలో కాగితం మిల్లు, కిన్నెరసాని మీద ఆనకట్ట, దాని చుట్టూ అభయారణ్యం — ఇవన్నీ ఒక్కరోజులో చుట్టి రావచ్చు. బొగ్గు ఎలా పుడుతుందో, ఎలా మండుతుందో, మండాక బూడిద ఏమౌతుందో వరసగా చూడగల ఊళ్ళు ఎన్ని వుంటాయి?

ప్రభుత్వ విద్యాసంస్థ కనుక ఖర్చు మధ్యతరగతి ఇల్లు తట్టుకోగలది. ఇల్లు రెండున్నర గంటల దూరం. కళాశాల పాతది కనుక ఇక్కడ చదివినవాళ్ళు ఎన్నో గనుల్లో వున్నారు. కొత్త ఊళ్ళో "నువ్వూ కొత్తగూడెమేనా?" అని పలకరించే సీనియరు వుంటే సగం భయం పోతుంది.

తోటి విద్యార్థులు మరో లాభం. టీకొట్టు దగ్గర ఏజెన్సీ పల్లె నుంచి వచ్చిన కోయ కుర్రాడొకడు కలిశాడు. గనుల ఇంజనీరింగు ఎందుకు తీసుకొన్నావని అడిగాను. "మా నేల కింద ఏముందో మాకంటే ముందు పటం గీసినోళ్ళకి తెలుసు సార్. ఈసారి పటం నేను గీస్తా" అన్నాడు. గని వస్తే కొందరికి జీతాలొస్తాయి, కొందరికి ఊళ్ళు పోతాయి. ఈ రెండో సంగతి హైదరాబాదు తరగతి గదిలో ఒక పేరా. ఇక్కడ పక్క బెంచీ మీద కూర్చున్న మనిషి.

మా పిల్ల ఆ అబ్బాయిని అడిగిన ప్రశ్న వేరు. "మీ క్లాసులో ఆడపిల్లలున్నారా?" వున్నారని చెప్పాడు. అంతవరకూ నోరు విప్పని మా మరదలు అప్పుడు నావైపు తిరిగి, "ఆడవాళ్ళను బాయిలోకి దిగనిస్తారా బావగారూ? మా రోజుల్లో బాయి నోటి దగ్గరికి కూడా రానిచ్చేవాళ్ళు కాదు" అన్నది.

ఆమె అన్నది నిజమే. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్ళు భూగర్భంలో పనిచేయడాన్ని నిషేధించింది. 2019లో కేంద్రప్రభుత్వం దానిని సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల్లో వున్న స్త్రీలు పగటిపూట దిగవచ్చునన్నది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మికస్మృతులు స్త్రీలు అన్ని రకాల పనులూ చేయవచ్చుననీ, వారు ఒప్పుకుంటే రాత్రిపూట కూడా చేయవచ్చుననీ చెప్పాయి. 2021లో జార్ఖండులో ఆకాంక్ష కుమారి అనే ఇంజనీరు కోల్ ఇండియా భూగర్భ గనిలో పనిచేసిన మొదటి మహిళ అయింది. రాజస్థానులో హిందుస్థాన్ జింక్ వారి భూగర్భ గనికి మేనేజరైన సంధ్య రసకట్ల మన తెలంగాణ పిల్లే. సింగరేణి కార్మికుడి కూతురు. చదివింది ఈ కొత్తగూడెంలోనే.

ఇది విని మా మరదలు మెత్తబడిందనుకొన్నారా? లేదు. "చట్టం దిగమన్నది సరే, పైకప్పు వినొద్దూ?" అన్నది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. చట్టం మారినంత తేలికగా రాయి మారదు.

పిల్ల మాత్రం ఇంకో లెక్క వేసింది. "బొగ్గు ఇంకా ఎన్నాళ్ళుంటుంది పెదనాన్నా? అందరూ సూర్యుడి కరెంటు అంటున్నారుగా? నేను చదువు ముగించి జుట్టు నెరిసేసరికి బాయిలే వుండవేమో!" అన్నది. తన కోరికకు తనే అడ్డుప్రశ్న వేసుకొన్న పిల్లను చూచి నాకు ముచ్చటేసింది.

జవాబు జర్మనీలో వుంది. సాక్సనీలో ఫ్రైబర్గ్ అనే చిన్న గనుల ఊరు. 1765లో అక్కడ గనుల విద్యాలయం పెట్టారు. అప్పుడు ఆ ఊరి బతుకంతా వెండి. 1886లో, అంటే మన బొగ్గు కోసం ఇంగ్లండులో కంపెనీ పుట్టిన ఏడే, ఆ విద్యాలయంలో వింక్లర్ అనే ఆచార్యుడు జెర్మేనియం అనే మూలకాన్ని కనిపెట్టాడు. తరవాతి శతాబ్దంలో తొలి ట్రాన్సిస్టర్లకు పనికివచ్చింది అదే. 1969లో ఫ్రైబర్గ్ గనులు మూతపడ్డాయి. విద్యాలయం మూతపడలేదు. ఇప్పటికీ దేశదేశాల పిల్లలు అక్కడికి పోయి రాయీ లోహమూ చదువుతున్నారు. గని కరిగిపోయినా చదువు నిలిచింది. ఎందుకంటే వాళ్ళు ఒక ఖనిజాన్ని కాక, నేలను చదవడం నేర్పారు. కొత్తగూడెం కూడా బొగ్గు బడిగా మిగిలిపోకుండా నేల బడిగా ఎదగగలిగితే ఇక్కడి పట్టాకు విలువ వుంటుంది. లేకపోతే బోర్డు ఒక్కటే కొత్తది.

మర్నాడు "ఇంత దూరం వచ్చి రాముణ్ణి చూడకుండా పోతామా?" అన్నది మరదలు. భద్రాచలం బస్సెక్కాం. పాల్వంచ దగ్గర నాకు ఏదో వెలితిగా తోచింది. కాసేపటికి గుర్తుకొచ్చింది. దూరంనుంచే ఊరు వచ్చిందని చెప్పే పాత థర్మలు కేంద్రపు పెద్ద గోపురాలు లేవు. 2024 ఆగస్టులో ఎనిమిదింటినీ కూల్చేశారు. కంచర్ల గోపన్న తహసీలుదారుగా వున్నది ఈ పాల్వంచ పరగణాలోనే. శిస్తు సొమ్ముతో గుడి కట్టించి, జమాఖర్చు కుదరక గోలకొండ చెరసాలకు పోయాడు. నా జేబులో లెక్కపుస్తకం గుర్తొచ్చి నవ్వుకొన్నాను.

1965లో కట్టిన వంతెన మీదుగా గోదావరి దాటాం. దర్శనమైంది. ఎండ తగ్గాక రేవుకి వచ్చి మెట్లమీద కూర్చున్నాం. నీళ్ళు ఎక్కడో దూరాన, ఇసుకతిన్నెల అవతల వున్నాయి. అక్కడ నీటిమట్టం చూపే గుర్తుల గురించి మా పిల్లకు చెప్పాను. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. పిల్ల లేచి అంత ఎత్తు ఎక్కడిదాకా వస్తుందో తలెత్తి చూచింది. "ఇది కూడా ఆ చదువులోదే కదూ పెదనాన్నా? వరద ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో ముందే చెప్పడం?" అన్నది. ఔనన్నాను. నేల చదువంటే కిందికి దిగడం ఒక్కటే కాదని నాకూ అప్పుడే బాగా తెలిసింది.

మా మరదలు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత పక్కనున్న పుల్ల ఒకటి తీసుకొని రాతిమెట్టు మీద టకటకా తట్టింది.

"మా నాన్న చేతిలో ఎప్పుడూ కర్ర వుండేది. బాయిలోకి పోగానే ముందు పైకప్పు తట్టి వినేవాడట. గట్టిగా మోగితే లోపలికి పదండనేవాడు. డొల్లగా మోగితే అందర్నీ వెనక్కి పొమ్మనేవాడు. ఇంట్లో కూడా గోడలు తట్టేవాడు, అలవాటుకొద్దీ. మేం నవ్వేవాళ్ళం" అన్నది.

"ఇప్పుడు దానికి యంత్రాలున్నాయమ్మా. కప్పు ఒక మిల్లీమీటరు కుంగినా చెబుతాయి" అన్నది పిల్ల.

"యంత్రం చెబుతుంది. వినేవాళ్ళు వుండాలిగా" అన్నది తల్లి. ఒక క్షణం ఆగి, "చదువుకొంటే బాగా చదువుకో. నాలుగు డబ్బులకోసం దిగేదానివైతే వద్దు. కిందికి దిగినవాళ్ళు పైకి రావడానికి పనికొచ్చే చదువైతే, నేను మీ నాన్నతో మాట్లాడతా" అన్నది.

తిరుగు బస్సులో నా పుస్తకం తీసి కూడబోయాను. ఖర్చు పక్క నాలుగు, జమ పక్క నాలుగు. తేలలేదు. అటువంటప్పుడు తేల్చేది పిల్లే. మీ ఇంట్లోనూ ఇటువంటి తగవు వస్తే నేను చెప్పగలిగింది ఇంతే. ఉద్యోగం కోసమే అయితే కొత్తగూడెం వద్దు, అంతకంటే దగ్గరిదారులు వేరే వున్నాయి. పిల్లకో పిల్లవాడికో రాయి చేతికి దొరికితే తిప్పి తిప్పి చూసే బుద్ధి వుంటే, ఎండకీ దూరప్రయాణానికీ ఓర్చుకోగలిగితే, ఒక్కసారి తీసుకొచ్చి చూపించండి.

మా పిల్ల ప్రవేశపరీక్షకు చదువుతోంది. కోరే చోట్ల వరసలో మొదట కొత్తగూడెం రాసుకొంది, రెండోది హైదరాబాదు. మా తమ్ముడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కాని మొన్న వైరా వెళ్ళినప్పుడు చూచాను, దుకాణంలో కూర్చుని పెన్సిలుతో బల్ల తట్టి వింటున్నాడు.